ధగధగయ్య ఊదిన మబ్బు

ఆకాశంలో ఒక మూల పెద్ద ధూళిమబ్బు ఉండేది. దాని నడిబొడ్డున ధగధగయ్య అనే భారీ నీలిచుక్క కాపురం. ఒంటినిండా వెలుగే, నోటినిండా గొప్పలే. ఆ మబ్బులోంచి ఇంకో చుక్క పుడితే తనను చూసేవాళ్లు తగ్గిపోతారని ఆయనగారి బెంగ.

"అసలు మబ్బే లేకుండా చేస్తే పోలా!" అనుకుని బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెట్టాడు.

పక్కనే సన్నగా వెలుగుతున్న ముసలి ఎర్రచుక్క మిణుకమ్మ చూడలేకపోయింది. "ఎందుకు నాయనా ఆ ఆయాసం? ఇలా ఒళ్లు మండించుకుంటే ఎన్నాళ్లుంటావు?" అంది.

"నువ్వు కుంపటిలా కూర్చో పిన్నీ, నేను పనిమీదున్నాను," అన్నాడు.

ఊదగా ఊదగా మబ్బంతా అంచుకు చేరింది. వెనకనుంచి ఈయన ఊపిరి నెడుతూనే ఉంటే అక్కడ ముద్దలు కట్టింది. ఆ ముద్దలు బిగిసి, వేడెక్కి, ఇరవై బుల్లిచుక్కలై భగ్గున వెలిగాయి. ధగధగయ్య నోరు వెళ్లబెట్టాడు. అప్పటికే ఆయన ఒంట్లో సత్తువ అయిపోవచ్చింది.

"తాతా, మమ్మల్ని పుట్టించింది నువ్వేనట కదా!" అని మురిసిపోయాయి బుల్లిచుక్కలు.

ఛాతీ విరుచుకోబోయి మిణుకమ్మ వంక చూశాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక వణికిపోతోంది. దాంతో ఆయనకూ నవ్వొచ్చేసింది.

"నేనేనర్రా," అన్నాడు. "మీరు పుట్టకూడదని ఒళ్లు హూనం చేసుకుని మరీ పుట్టించాను."