అక్క రెండూ చేసింది

తెల్లవారకముందే ఆ చప్పుడు మొదలైంది. టక్... టక్... టక్. కిటికీ ఊచ మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు.

సాయిప్రియ జువాలజీ పుస్తకం మీంచి తలెత్తింది. పక్కగదిలోంచే వస్తోంది. ఏదైనా బట్టీపట్టేటప్పుడు కిటికీ ఊచ మీద అలా కొట్టడం రాజ్యశ్రీ అక్క అలవాటు.

"అమ్మా, మళ్లీ..."

పాలగ్లాసు తెచ్చిన నిర్మలాదేవి గోడవైపు చూడనైనా చూడలేదు. "అటు చెవి పెట్టకు. పుస్తకం చూడు" అంది.

ఆ గదిలోకి అమ్మ తప్ప ఎవరూ వెళ్లరు. రోజూ తనే ఊడుస్తుంది. మంచం మీద దుప్పటి మారుస్తుంది. తలుపు దగ్గరగా వేసి వస్తుంది. సాయిప్రియ ఆ గుమ్మం తొక్కి చాలాకాలమైంది. భయం.

హాల్లో టీవీ పైన అక్క ఫొటో ఉంది. మెడలో ఖో-ఖో పతకం, చేతిలో కాలేజీ ఫస్టు వచ్చినందుకు ఇచ్చిన షీల్డు. ఆ నవ్వుని అమ్మ పొద్దున్నే కొంగుతో తుడుస్తుంది.

రెండేళ్ల కిందట, నీట్ పరీక్ష రోజు. ఖమ్మంలో సెంటరు. సాయంత్రం కారు వచ్చి ఇంటిముందు ఆగింది. నాన్న వెంకటనారాయణ అక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని దిగాడు. అమ్మ గేటు దగ్గరే కూలబడిపోయింది. ఊరు ఊరంతా వచ్చింది. "ఎంత చలాకీ పిల్ల!" అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అక్క మాట వినిపించలేదు.

అక్క రోజులన్నీ సాయిప్రియ మీదికొచ్చాయి. పొద్దున్నే సత్తుపల్లిలో కోచింగ్, తర్వాత ఇంటర్ కాలేజీ, సాయంత్రం గ్రౌండులో ఖో-ఖో. ఇంటికొస్తే రికార్డులు, వారం వారం పరీక్షలు. అక్క బ్యాగే. అక్క బూట్లే.

"నీకు ఎంబీబీఎస్ సీటొస్తే మీ అక్క మనసు చల్లబడ్తది" అనేది అమ్మ.

పరుగెత్తుతున్నంతసేపే ఆమెకి ఊపిరాడినట్టుండేది. ఈమధ్య అదీ పోయింది. కోర్టు చివరి పోల్ దగ్గర మలుపు తిరిగితే చాలు, వెనకాలే ఇంకెవరో అడుగులు వేస్తున్నట్టు అనిపించేది.

శుక్రవారం గ్రౌండులో పీఈటీ రాందాస్ సార్ పిలిచాడు. "ఆదివారం మధ్యాహ్నం ఖమ్మంలో స్టేట్ సెలక్షన్స్. నువ్వు రావాలె బిడ్డా. గిట్లాంటి చాన్స్ మళ్లీ రాదు."

ఆదివారం పొద్దున కోచింగ్‌లో గ్రాండ్ టెస్ట్.

ఇంటికొచ్చి అమ్మనడిగింది. "ఏదో ఒకటి మానేస్తానమ్మా. నావల్ల కావట్లేదు."

"ఏంది, కాకపోవటం? మీ అక్క ఎన్నడన్నా గట్ల అన్నదా? అట్లాంటి రోజే పొద్దున పరీక్ష రాసింది, మధ్యాహ్నం ఆడింది. రెండూ చేసింది."

పామాయిల్ తోటనుంచి అప్పుడే వచ్చిన నాన్న ఆ మాట విన్నాడు. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆదివారం. పరీక్ష గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్రశ్నలు బాగానే వస్తున్నాయి. ఓఎంఆర్ షీటులో ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు.

టక్... టక్... టక్.

సాయిప్రియ పెన్ను ఆగింది. ఇక్కడికి కూడా వచ్చిందా? చుట్టూ చూసింది. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. చప్పుడు ఆగలేదు. ఇంకా దగ్గరగా వచ్చింది.

ముందు బెంచీ అమ్మాయి విసుగ్గా వెనక్కి తిరిగింది. "ఏయ్, ఆపవే!"

సాయిప్రియ కిందికి చూసుకుంది. బెంచీ మీద కొడుతున్నది తన వేలే.

ఆపాలనుకుంది. వేలు ఆగలేదు. రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే తప్ప ఆగలేదు. గడులన్నీ కళ్లముందు అలుక్కుపోయాయి. లేచింది. సగం నింపిన షీటు సార్ బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. ఖమ్మం బస్సు కళ్లముందే కదిలిపోయింది. ఎక్కలేదు. ఊరికెళ్లే ఆటో ఎక్కింది.

రోడ్డు మీద దిగి పామాయిల్ తోటలోంచి నడిచింది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ మట్టల కింద చీకటిగానే ఉంటుంది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఈసారి పరుగెత్తలేదు. ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

గుమ్మంలో అమ్మ. "ఏంది, ఖమ్మం పోలేదా?"

"లేదు. పరీక్ష కూడా మధ్యలోనే లేచొచ్చాను."

"మీ అక్క..."

"అక్క కూడా ఆ నీట్ రోజున ఇట్లనే లేచి వచ్చేస్తే అయిపోయేదమ్మా."

నిర్మలాదేవి చెయ్యి పైకి లేచింది. కొడుతుందేమో అనుకుంది సాయిప్రియ. ఆ చెయ్యి వచ్చి కూతురి వేలిని పట్టుకుంది. అప్పటికింకా అది ఊచ మీద కొడుతున్నట్టే ఆడుతోంది. ఆ వేలిని చూసి అమ్మ మొహం పాలిపోయింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"ఇంక చాలు నిర్మలా" అన్నాడు వెనక నుంచి నాన్న. "ఈ పిల్లనన్నా వదిలెయ్."

అమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

పక్కగదిలో కిటికీ ఊచ మీద చప్పుడు మళ్లీ మొదలైంది. ముగ్గురూ విన్నారు. ఈసారి ఎవరూ విననట్టు ఉండలేదు.

సాయిప్రియ వంటింట్లోకి వెళ్లింది. కంచంలో అన్నం, పప్పు పెట్టుకుంది. ఆ తలుపు ముందు ఒక్క క్షణం నిలబడి, భుజంతో నెట్టుకుని లోపలికెళ్లింది.

కిటికీ పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే, రెండేళ్లుగా ఎవరితోనూ పలకని అక్క ఊచ మీంచి వేలు తీసి, పసిపిల్లలా నోరు తెరిచింది.