రెండో మోతాదు

నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఏసురత్నం, ముసలి ఎలుకలకు మందు కలిపిన మేత పెడుతున్నాడు. మున్సిఫ్ కోర్టులో వాయిదా చూసుకుని నేరుగా వచ్చిన ఆళ్లగడ్డ రైతు ఓబులేసు ఎలుకల బోను మీదికి వంగాడు.

"ఈ మందు తింటే ముసలితనం రాదంట గదా సారూ?"

"రాకుండా ఎట్లుంటుంది పెద్దాయనా? ఒంట్లో కణాలు ముదిరేది కొంచెం నెమ్మదించినట్టుంది. అదీ ఎలుకల్లోనే. మనుషులకు పనికొస్తుందో లేదో తెలీదు."

"తెలీకపోతే మా మీదే సూడు. ఇద్దరికి సరిపోయేంత పొట్లం కట్టియ్యి."

ఏసురత్నం నవ్వాడు. "రెండోది మీ ఆవిడకా?"

"ఆమెకెందుకు? నాకంటే గట్టిగా ఉండాది. మా దాయాదికి. చేని గట్టు కోసం మా నాయన కాలం నుంచి మాతో కోర్టులో కొట్లాడతాండాడు."

ఏసురత్నం చేతిలో మేత ఆగిపోయింది. "పగవాడికి ఆయుష్షు పోస్తావా?"

"ఈ పొద్దు కోర్టు మెట్లెక్కలేక నా భుజమే పట్టుకున్యాడు సారూ. ఇంకో వాయిదాకు ఉంటాడో, ఉండడో."

ఓబులేసు గొంతు తగ్గించాడు.

"తీర్పు రాకముందే వాడు పోతే, గెలిచినాంక నేను ఎవురి ముందర మీసం తిప్పల్ల?"