మూడు పాయలు

కుడి పాయను నడిమి పాయ మీదుగా తెచ్చాడు. తర్వాత ఎడమ పాయను. మళ్ళీ కుడి. భార్య మెట్ల మీద జారిపడి కుడిచేతికి కట్టు కట్టించుకున్నప్పటి నుంచి, పన్నెండు రోజులుగా ఆమెకు జడ వేసే పని అతనిదే.

"అబ్బో! మీ నాన్న నాకు దువ్వెన కూడా అందించి ఎరగరు. నువ్వు నయంరా," అంది మంచం మీద బట్టలు మడతపెడుతున్న తల్లి.

అతను తలెత్తలేదు.

భార్యాభర్తలిద్దరిదీ ఒకటే చదువు, గణితం; ఒకటే బల్ల. ఒక ఉపరితలం మీద దారాలతో జడలు అల్లితే, ఆ జడల సమూహానికి ఎన్ని సౌష్ఠవాలుంటాయన్నది లెక్క. ఆరేళ్ళు దానితో కుస్తీపట్టి అతను చేతులెత్తేశాడు. ఆమె ఎనిమిది నెలల్లో తేల్చేసింది: ఉపరితలానికి ఎన్నుంటాయో జడలకీ అన్నే, కొత్తవి పుట్టవు. ఆ వ్యాసం పత్రికలో అచ్చయితే ఆమెకు పర్మనెంటు ఉద్యోగం. ఇవాళ పదింటికే ఇంటర్వ్యూ.

నిన్న సాయంత్రం పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. "వద్దన్నారు," అని ఒక్క ముక్క చెప్పి, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా ముసుగుతన్ని పడుకుంది.

"ఇంతకీ వద్దన్నది ఎవరే?" అడిగింది తల్లి.

"తెలీదు అత్తయ్యా. చదివి మంచిచెడ్డలు రాసేవాళ్ళ పేరు బయటపెట్టరు."

"పేరు చెప్పుకోలేనివాడు ఓ మనిషేనా? రాసిన చెయ్యి విరిగిపోను!"

అతని వేళ్ళలోంచి పాయ జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"తిట్టకండి అత్తయ్యా. వాడికీ ఓ పెళ్ళాం ఉండే ఉంటుంది. ఆవిడేం చేసింది పాపం!" నవ్వబోయి నవ్వలేకపోయింది. "దిద్దుకోమని కూడా అనలేదు. మొత్తానికే పనికిరాదన్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళి వాళ్ళ ముందు కూర్చోను? సిగ్గేస్తోంది."

ఆ మాటకు అతని చెవులు వేడెక్కాయి.

"కనీసం నువ్వన్నా పంపేముందు ఓసారి చదివుంటే బాగుండేది," అంది అతనితో.

"తీరిక దొరకలేదు," అని గొణిగాడు, అద్దంలో ఆమె చూపు తగలకుండా తల ఇంకా వంచుకుని.

మూడు మెలికలు వేశాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"అంతలా కుంగిపోవడానికి ఏముంది? పొరపాటు ఆ ఒక్క సైకిలు ట్యూబు ఆకారం దగ్గరేగా. అక్కడ మాత్రం కొత్తవి పుడతాయని ఒక్క వాక్యం చేర్చు. మిగతాదంతా బంగారం. వాళ్ళకి అదే చెప్పు."

తల్లి దుప్పటి దులిపింది. అద్దంలో భార్య కళ్ళు అతని మీదే ఉన్నాయి.

"గట్టిగా లాగానా?"

ఆమె లేచింది. సగం అల్లిన జడ అతని చేతుల్లోంచి జారి వీపు మీద విచ్చుకుంది. ఎడమచేత్తో సంచి అందుకుని, చెప్పులేసుకుని, గుమ్మం దాటింది.

"ఇదేమిట్రా, రబ్బరుబ్యాండన్నా పెట్టించుకోకుండా పోతోంది?" అంది తల్లి.

ఆమె ఇంతవరకు ఎవరికీ చూపించని ఆ ఉత్తరంలో తప్ప సైకిలు ట్యూబు సంగతి ఇంకెక్కడా లేదు, ఆ ఉత్తరం కింద లేని పేరు అతనిది.