ఆరో గూడు

"ఆయన టేపు తీశారంటే మన గూళ్ళకి నూకలు చెల్లినట్టే," అని టీచరమ్మ చెవిలో గొణిగాడు దర్జీ.

ఏటా ఒక ఆదివారం ఆ పేటలో కోళ్ళు పెంచేవాళ్ళు పెరటి తలుపులు తెరిచిపెడతారు. ఎవరైనా వచ్చి చూసిపోవచ్చు. ఈసారి శానిటరీ ఇన్‌స్పెక్టరే వచ్చాడు. ఊళ్ళో గూళ్ళు ఉంచాలా, పీకించాలా అన్నది ఆయన రాసే ఒక్క ముక్కలో ఉంది. పైగా కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషని పేరు.

టేపు మాత్రం బయటికి రాలేదు. దర్జీ పెరట్లో ఆయన కోళ్ళని లెక్కపెట్టాడు. ఒక్కోదాన్నీ ఎత్తి కాళ్ళు చూశాడు.

"ఇవన్నీ మీవేనా?"

"పిల్లలప్పట్నుంచీ మావేనండీ," అన్నాడు దర్జీ. నిజమే చెప్పినా చెమట పట్టింది.

రెండో ఇల్లు లారీ డ్రైవరుది. అక్కడ ఇన్‌స్పెక్టరు జేబులోంచి గుప్పెడు జొన్నలు తీసి చల్లాడు. కోళ్ళు ఎగబడ్డాయి. ఆయన మొహం ఇంకా ముడుచుకుంది.

"మాడుస్తున్నామేమోనని పరీక్ష," అని తేల్చేసింది టీచరమ్మ. ఒక్క పరుగున ఇంటికి వెళ్ళి తన కోళ్ళకి మెడదాకా మేత పెట్టింది. తీరా ఆయన వచ్చి జొన్నలు చల్లితే ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు వాటికి జబ్బనుకుంటాడేమోనని ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

నాలుగూ, ఐదూ అయ్యాయి. ఆయన ఏమీ రాయలేదు.

ఆరోది ఇస్త్రీ పిన్నిది. పాత బీరువాకి ఇనప వల కొట్టి గూడు చేసింది. ఆయన లోపలికి అడుగుపెట్టాడో లేదో, ఒక నల్లపెట్ట సరాసరి వచ్చి ఆయన జేబుని పొడిచింది. వెనకే వచ్చిన పేటవాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆయన వంగి దాని కాళ్ళు చూశాడు. కుడికాలికి ఒక వేలు లేదు.

"ఇదెక్కడిది?"

"అబద్ధమెందుకు బాబూ, నాలుగు రోజుల కిందట గోడ దూకి అదే వచ్చింది. ఎవరిదో తెలీదు. దీని మూలంగా అందరి గూళ్ళూ పీకించకు నాయనా!" పిన్ని చేతులు జోడించింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దీన్ని పరీక్షకి తీసుకెళ్తున్నాను. మిగతావి ఉండొచ్చు."

'గూళ్ళు శుభ్రంగా ఉన్నవి' అని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. నల్లపెట్టని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పిన్ని కళ్ళొత్తుకుంది. "ఒక్కటి పోయి పేటనంతా కాపాడింది," అన్నాడు డ్రైవరు. టీచరమ్మ అందరినీ వరసగా నిలబెట్టి ఒక నిమిషం మౌనం పాటింపజేసింది.

సరిగ్గా ఆ నిమిషంలోనే ఇన్‌స్పెక్టరు పక్కవీధిలోని తన ఇంటి పెరట్లో, నాలుగు రోజులుగా ఖాళీగా ఉన్న గూట్లోకి నల్లపెట్టని దించి, "నీకోసం నన్ను ఆరిళ్ళు తిప్పావు కదే, బంగారుతల్లీ!" అని ముద్దుగా కసురుకుంటున్నాడు.