ఆకుపచ్చ తువ్వాలు

"తాతా, ఆ ఊపుడు ఆపు! ఫొటో పాడవుతోంది!"

కెమెరా వెనకనుంచి ఫొటోగ్రాఫరు గొంతు చించుకున్నాడు.

మలుపు దగ్గర రాతి మీద నిలబడ్డ ముసలాయనకి వినపడితేగా! ఆకుపచ్చ తువ్వాలు పైకీ కిందకీ ఊపుతూనే ఉన్నాడు.

కొండల మధ్యనుంచి ముడిచమురు రైలు మలుపు తిరిగింది. ఎనభై నల్లటి ట్యాంకర్లు. ఆ పక్కనే లోయలో, ఎంతో కిందుగా నీలంగా నది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. మధ్యలో పానకంలో పుడకలా తాత.

రైలు పోయాక తాత మెల్లగా రాయి దిగి వచ్చాడు.

"బాగా వచ్చిందా బాబూ?"

"నువ్వు బ్రహ్మాండంగా వచ్చావు. రైలే నీ వెనకాల ఎక్కడో ఉంది."

తాత బోసినోటితో నవ్వాడు.

"రైలుకి టాటా చెప్పడానికి నువ్వేమన్నా చంటిపిల్లాడివా?"

"ఈ వయసులో ఇంకేం సరదాలుంటాయి చెప్పు?" అంటూ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు తాత. "కాస్త వెనక్కి జరిగి నిలబడు నాయనా. కన్ను కెమెరాలో పెట్టావంటే కాళ్లకింద ఏముందో నీకు తెలీదు."

"నేను వెనక్కి జరిగితే నది కనపడదు. నువ్వే పక్కకి జరుగు."

"నేను జరిగితే రైలుకి కనపడను."

"అబ్బో, ఏం సోకు!"

ఏడాదిగా ఇదే వరస. పెళ్లి ఫొటోలు తీసి తీసి విసిగిపోయిన అతనికి సొంతంగా ఒక ఎగ్జిబిషన్ పెట్టాలని కోరిక. "ఆ నూనె రైళ్లేమన్నా కూడు పెడతాయా?" అని భార్య దెప్పుతున్నా, సెలవు దొరికితే చాలు ఇక్కడ వాలిపోతాడు. ఈ ఎగ్జిబిషన్‌ని పదిమంది మెచ్చుకోకపోతే ఇక జన్మంతా పెళ్లి ఫొటోలే.

ఇంటికెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రతి ఫొటోలోంచీ తాతని తుడిచేసేవాడు. చోటు దండగని అసలు ఫొటోలు కూడా ఉంచేవాడు కాదు. మిగిలిన రైలు మాత్రం అద్భుతం. ట్యాంకర్ల మీద బోల్టులు లెక్కపెట్టుకోవచ్చు.

"చూడు, పరిగెత్తే రైలు! నా చెయ్యి ఎంత నిలకడో!" అని భార్యకి చూపించి మురిసిపోయేవాడు.

ఎగ్జిబిషన్‌కి పదిరోజుల ముందు వెళ్తే రాతి మీద తాత లేడు.

"హమ్మయ్య!" అనుకున్నాడు.

ఆరోజు రైలు కొండ విరుచుకుపడినట్టు వచ్చింది. చెవులు పగిలేలా హారన్ మోగింది. ఆ గాలికి కెమెరా స్టాండు పడిపోయింది. తనూ పడబోయి ఎలాగో తమాయించుకున్నాడు. ఫొటో చూస్తే అలికేసినట్టుంది.

మర్నాడూ అంతే. కెమెరా రిపేరుకిస్తే, "దీనికేం రోగం లేదు సార్" అని తిరిగిచ్చాడు షాపతను. చేసేదిలేక పాత ఫొటోలే ఫ్రేములు కట్టించాడు.

తాత ఏమయ్యాడో అని ఒకసారి అనిపించింది. పేరైనా తెలీదే, ఎవర్నని అడుగుతాడు?

మొదటిరోజే హాలు నిండిపోయింది. అందరూ మెచ్చుకుంటున్నారు. భార్య కూడా ఆ పొగడ్తలు వింటూ ముసిముసిగా నవ్వుతోంది. అంతలో రైల్వే యూనిఫాంలో ఒకావిడ గబగబా వచ్చింది.

"మలుపు దగ్గర ఫొటోలు తీసేది మీరేగా? నేను ఆ చమురు రైలు డ్రైవర్ని. బయట పోస్టరు మీద ఆ మలుపు చూసి వచ్చాను. పదిరోజుల్నుంచీ మీకోసం వెతుకుతున్నాం. ఇంజన్లోంచి పిలిస్తే వినపడదాయె, ఆగడానికి వీల్లేదాయె."

"నాకోసమా?"

"పెద్దాయన పోయారండీ. నిద్రలోనే."

టీ పోసిచ్చిన ఆ చెయ్యి గుర్తొచ్చింది అతనికి.

ఆవిడ గోడలన్నీ కలయజూసింది.

"ఇన్ని ఫొటోల్లో ఆయన ఒక్కదాంట్లోనూ లేరేంటి?"

"ఫొటో శుభ్రంగా ఉండాలని... తీసేశానండీ." సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆవిడ ఒక్కో ఫొటో ముందూ ఆగుతూ పోయి, ఆఖరిదాని దగ్గర "ఇదిగో!" అంది.

మనిషిని తుడిచాడుగానీ, వెనక బండ మీద పడ్డ నీడని మర్చిపోయాడు. బక్కపల్చటి నీడ. చాచిన చేతిలో తువ్వాలు.

"ముప్పయ్యేళ్లు లైను మీద జెండా పట్టిన చెయ్యి కదండీ" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "జెండా ఎత్తి కదలకుండా పట్టుకుంటే దారి బాగుందని. పైకీ కిందకీ ఊపితే, పట్టాల పక్కన మనిషున్నాడు, మెల్లగా రమ్మని. రిటైరయ్యాక జెండా ఉండదుగా, తువ్వాలు పట్టుకున్నారు. అది కనపడితే చాలు, మేం రైలు వేగం బాగా తగ్గించేసేవాళ్లం."

అతను ఫొటో వైపు చూశాడు. బోల్టులన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు మీరు ఏరోజు వస్తారో మాకెలా తెలుస్తుంది? మలుపు తిరిగితేగాని కనపడరు. అప్పటికి హారన్ కొట్టడం తప్ప ఏం చెయ్యగలం?"

అతను ఫొటోలోని ఆ నీడని వేలితో తాకాడు.

"మరి... ఆయన పోతే నాకోసం ఎందుకు వెతికారండీ?"

ఆవిడ విచిత్రంగా చూసింది.

"కొడుక్కి కబురు చెప్పొద్దూ? 'మా అబ్బాయి మలుపు అవతల ఫొటోలు తీసుకుంటుంటాడు, కాస్త చూసి నడపండమ్మా' అని కనపడ్డ డ్రైవర్నల్లా బతిమాలేవారండీ మీ నాన్నగారు!"