నాలుగు వరసల సోంబరు

"తప్పు" అన్నాడు భాస్కర్. "ముప్ఫై ఎనిమిది కాదు. ముప్ఫై అయిదు రావాలి."

కనక చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నెల కిందట వేసుకున్న పెళ్ళిగాజులు కూడా చప్పుడు మానేశాయి.

కరెంటు అప్పుడే పోయింది. బ్యాటరీ మీద నడుస్తున్న కంప్యూటరు ఉండుండి కుయ్‌మంటోంది. అది హుకుంపేట సంత వీధిలో జ్వరాల సర్వే చేసే కంపెనీవాళ్ళు అద్దెకు తీసుకున్న గది. బయట మందుల జీపు ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది. బొడ్డగుడలో మలేరియా తేలినవాళ్ళు ఎంతమందని ఈ గదిలోంచి చెబితే అన్ని మందు పొట్లాలే కొండెక్కుతాయి. ఆ లెక్క తీసే ప్రోగ్రామ్ రాయడమే కంపెనీ తరఫున భాస్కర్ ఇవాళ పెట్టిన పరీక్ష. నెగ్గితే కనకకి ఉద్యోగం.

"ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నావమ్మాయ్?"

"ఇన్‌స్టిట్యూట్ లేదు సార్. పుస్తకం జిరాక్సు తీయించుకుని చదివాను. కీబోర్డు మా ఆయన గీసిచ్చాడు. పెళ్ళిచీర వచ్చిన అట్టపెట్టె మీద."

చెబుతుంటే ఆమెకి నవ్వొచ్చింది. భాస్కర్‌కి రాలేదు.

"అట్టపెట్టె చదువు ఇలాగే ఉంటుంది. ఇదిగో, చూడు. సోంబరు, బొడ్డగుడ, మగ, నలభై ఏళ్ళు. కింద మళ్ళీ సోంబరు, బొడ్డగుడ, మగ, నలభై. నాలుగు వారాల సర్వేలో ఒకే మనిషి నాలుగు వరసల్లో ఎక్కాడు. ఒకటి ఉంచి మూడు తీసెయ్యాలి. మొదటి పాఠం కదా ఇది?"

"ఆ పాఠం చదివాను సార్. కావాలనే తియ్యలేదు."

"కావాలనా?"

"మా కొండల్లో పుట్టిన వారమే పేరు సార్. సోమవారం పుడితే సోంబరు, మంగళవారం పుడితే మంగ్లు. మా ఆయన ఊళ్ళో మంగ్లులు అయిదుగురు. మొన్న మా పెళ్ళిలో మా చిన్నత్త పసుపు గిన్నె పట్టుకెళ్ళి వేరే మంగ్లుకి రాసేసింది."

"మరి వయసు? నలుగురికీ నలభయ్యేనా?"

"ఇక్కడ వయసు ఎవరికి తెలుసు సార్? రాసేవాడు మొహం చూసి వేస్తాడు. ఒక్క మాట ఆలోచించండి. రక్తం తీసే సూది కనిపిస్తే చాలు, మావాళ్ళు తుప్పల్లోకి పారిపోతారు. అలాంటిది ఒకే మనిషి వారం వారం వచ్చి నాలుగుసార్లు వేలు చాపుతాడా?"

భాస్కర్ తెరమీద జాబితాని పైకీ కిందికీ జరిపాడు. మధ్యాహ్నమే అయినా కిటికీ అవతల మంచు దిగి, సంత సగం కనిపించడం మానేసింది.

"పోయినేడు కూడా ఈ ఊరి జాబితాలో ఇలాగే మూడు వరసలు తీసేశాం" అన్నాడు చివరికి. "ఏ గొడవా రాలేదు. మందు అందలేదని ఒక్కడు కూడా కొండ దిగలేదు."

ఆ మాట కనకకి ఎందుకో నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తేల్చుకునేలోపు భాస్కర్ గడియారం చూసుకున్నాడు.

"సరే, పందెం. బొడ్డగుడలో నలుగురు సోంబరులున్నారని రుజువు చెయ్యి, ఉద్యోగం నీది. లేదంటే విశాఖ నుంచి ఇంకో అబ్బాయి వచ్చి కూర్చున్నాడు."

కిటికీ ఊచల మధ్యనుంచి కాల్చిన మొక్కజొన్న కండె ఒకటి లోపలికి వచ్చింది. దాని వెనక ఆమె మొగుడు మంగ్లు మొహం.

"బొడ్డగుడోళ్ళు సంతకొచ్చినారు. పిప్పళ్ళు అమ్ముతన్నారు. బేగి పిలుసుకొచ్చేత్తాను. నువ్వు కండి తిను కనకా, సల్లారిపోద్ది."

"ఉజ్జోగం పోయేటట్టుంటే కండేటి!" అంది కనక. అన్నా అందుకుంది. అది వేడిగా ఉంది.

బ్యాటరీ కూత దగ్గర దగ్గరగా వినిపిస్తోంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. అప్పుడు మంచులోంచి మంగ్లు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఎముకలమీద చర్మం కప్పినట్టున్నాడు. భుజాల చుట్టూ దుప్పటి. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నీ పేరేంటి?" అడిగాడు భాస్కర్.

"సోంబరు బాబూ."

"ఏ ఊరు?"

"బొడ్డగుడ."

"మీ ఊళ్ళో సోంబరులు ఎంతమంది?"

"నానొక్కణ్ణే."

కనక నోట్లో గింజలు అలాగే ఉండిపోయాయి. మంగ్లు తప్పు తనదే అయినట్టు నేల చూశాడు.

"విన్నావా?" భాస్కర్ కుర్చీ ముందుకు లాక్కుని మూడు వరసలు చెరిపేశాడు. "లెక్కల్లో ఊహలు పనికిరావమ్మాయ్." గుమ్మంలోకి వెళ్ళి డ్రైవరుకి కేకేశాడు. "ముప్ఫై అయిదు!"

జీపు కదిలి మంచులోకి వెళ్ళిపోయింది. అది ఇక కనపడదని తెలిశాక కనక లేచి సోంబరు దగ్గరికి వచ్చింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"ఒక్కడివేనా మావా? మరి నాలుగు తడవలు రగతం ఎందుకిచ్చినావు? నీ వల్ల నా ఉజ్జోగం పోయింది."

సోంబరు దుప్పట్లోంచి ఎడమచెయ్యి బయటకు తీసి వేళ్ళు విప్పాడు. నాలుగు వేళ్ళ చివర్లలో నాలుగు నల్లటి సూదిచుక్కలున్నాయి.

"పోయినేడు సోంబరులం నలుగురం రగతం ఇత్తే ఒక్క పొట్లమే పంపినారు గదమ్మా, అంటే నలుగురి రగతానికి ఒక మనిసి మందని తెలిసింది, ఈ ఏడు ఆ ముగ్గురూ బతికి లేరు, అందుకే ఆళ్ళ వంతు కూడా నానే ఇచ్చినాను."