గడప బయట చెప్పులు

ఆ కాలంలో బ్లాగుకు వచ్చేవారి లెక్క అంకెల్లో ఉండేది కాదు. చదువరి పుటలో ఉన్నంతసేపూ వారి చెప్పుల జత రచయిత ఇంటి గడప బయట కాంతిరూపంలో కనిపించేది. ప్రాచీన శాసనాల గురించి ఏళ్ల తరబడి రాస్తున్న నిశాంత్ ఆ సదుపాయాన్ని ఆ ఉదయమే అమర్చుకున్నాడు. సాయంత్రానికి ఒక్క జతయినా రాకపోతే బ్లాగు మూసేస్తానని చెల్లెలు లాస్యతో అన్నాడు.

పొద్దు వాలుతుండగా గడప బయట ఒక జత వెలిగింది.

“లాస్యా, ఎవరో వచ్చారే!”

లాస్య వంగి చూసి ఫక్కున నవ్వింది. “బొటనవేలి ఉంగటం తెగిన చెప్పులు ఈ ఊళ్లో ఇంకెవరికున్నాయి అన్నయ్యా? ఎవరైనా వచ్చారేమోనని నీ బ్లాగు నువ్వే తెరిచి కూర్చున్నావు.”

నిశాంత్ చిన్నబోయి పుట మూశాడు. చెప్పులు మాయమయ్యాయి. లాస్య వంటింట్లోకి వెళ్లిపోయింది. బ్లాగును శాశ్వతంగా మూసే మీట మీద అతను వేలు పెట్టబోతుండగా, గడప బయట నీలి పట్టీల చెప్పులు వెలిగాయి. నీ రాతలు నాకెక్కవని రోజూ ఎగతాళి చేసే లాస్యవే అవి!

“అన్నయ్యా,” వంటింట్లోంచి కేక వినిపించింది, “చెప్పులు చూసి మురిసింది చాలు గానీ, మూడో పేరాలో రాజుగారికి ఇద్దరు తండ్రులున్నారు. ముందు అది దిద్దు!”